కిందికి దిగని బండ్లు

ఉదయం ఎనిమిదిన్నరకి మొదటి బండి తలుపు తీసి, తుడుపక్క ముఖం పక్కకి తిప్పుకుంది. రోజూ అంతే. లోపలి గాలి కాస్త బయటికి పోయేదాకా తలుపు పట్టుకుని నిలబడుతుంది. ఆ తర్వాత ముక్కుకి గుడ్డ కట్టుకుని మోకాళ్ళ మీద దిగుతుంది.

పదకొండేళ్ళుగా ఆ సర్వీస్ సెంటర్లో బండ్ల లోపలి భాగం తుడవడమే ఆవిడ పని. పదకొండేళ్ళలో చేతులు అలవాటు పడ్డాయిగానీ ముక్కు పడలేదు. సీటు కింద గోళ్ళ ముక్కలు. తలుపు జేబులో పళ్ళు కుట్టుకుని దాచిన పుల్లలు. నమిలిన బబుల్‌గమ్ సీటు అడుగున అంటించి, దాని మీద ఇంకోటి, దాని మీద మరోటి అంటించగా, ఒకాయన బండిలో అది తేనెపట్టంత అయింది. పిల్లలు కక్కింది సీటు బెల్టు మూతిలోకి జారి ఎండిపోతే సూదితో గీకి తియ్యాలి. ఇంట్లో గచ్చు అద్దంలా పెట్టుకునేవాళ్ళే బండెక్కేసరికి ఇలా ఎందుకైపోతారో ఆవిడకి ఎన్నడూ అంతు పట్టలేదు.

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే ఉంది. మొదట్లో 'తుడిచే అక్క' అనేవారు, పిలిచి పిలిచి అది 'తుడుపక్క' అయింది. ఇప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి మేనేజరు దాకా అందరికీ తుడుపక్కే.

తుడవడం కాక ఆవిడకి ఇంకో పని ఉంది. ఇసుక బస్తాలు మొయ్యడం.

ఆ షెడ్డులో నాలుగు లిఫ్టులు ఉన్నాయి. బండిని పైకెత్తి, కింద నిలబడి పని చేసి, మళ్ళీ దించుతారు. అయితే చెయ్యని పని చేసినట్టు జాబ్ కార్డులో రాస్తే ఆ బండి దిగదు. లిఫ్టు చేతులు కిందికి వచ్చేస్తాయి, బండి మాత్రం నడుమెత్తున గాల్లోనే ఉండిపోతుంది. ఎందుకని ఎవరూ అడగరు. వానాకాలంలో ఉతికిన బట్ట ఆరదు, ఇదీ అంతే. డిక్కీలో, సీట్ల కింద ఇసుక బస్తాలు వేస్తే నెమ్మదిగా నేల దాకా వస్తుంది. వైపర్ నీళ్ళు పోశామని పొయ్యకుండా రాస్తే ఒక బస్తా సరిపోతుంది. ఆయిల్ మార్చకుండా మార్చామని రాస్తే నాలుగు. ఒకసారి ఒక పెద్ద బండికి పదమూడు పట్టాయి. ఆ రోజు ఆవిడ ఇంటికి వెళ్ళి భుజాలకి వేడినీళ్ళ కాపడం పెట్టుకుంది.

కస్టమరు వచ్చేటప్పటికి బస్తాలు కనపడకూడదు. ఆయన ఒక తలుపులోంచి ఎక్కుతుంటే ఈవిడ ఇంకో తలుపులోంచి ఆఖరి బస్తా దించాలి. స్టీరింగు పట్టుకుని, కాగితంలో రాసిందంతా నిజమని ఆయన నమ్మిన క్షణంలో బండికి బరువు వచ్చేస్తుంది. ఈల వేసుకుంటూ వచ్చిన మనిషి గేటు దాటేసరికి భుజాలు వంగి, ఎందుకో తెలియని నీరసంతో కూర్చుని ఉంటాడు. తుడుపక్క అది చూడలేక వెంటనే చీపురు తీసుకుని, రాలిన ఇసుక ఊడ్చుకునేది.

జాబ్ కార్డులు చదివే పని ఆవిడకి లేదు. అయినా ఏ కార్డులో ఎంత అబద్ధం ఉందో ఆ షెడ్డులో అందరికంటే ఆవిడ చేతులకే బాగా తెలుసు.

కార్డుల మీద సంతకాలు పెట్టే మెకానిక్‌లకీ కాలం గడిచేకొద్దీ బరువు తగ్గిపోయేది. అందుకని అందరికీ ఇనుప అట్టలు వేసిన బూట్లు. అందరికంటే మందం పెద్ద మెకానిక్‌వి. పాతికేళ్ళ సంతకాలు మరి. టీ తాగేటప్పుడు కూడా ఆయన ఒక చేత్తో బల్ల అంచు పట్టుకునేవాడు. ఇంట్లో బూట్లు విప్పాక వాళ్ళావిడ ఆయన్ని పడుకోబెట్టి, దుప్పటి అంచులు నాలుగు వైపులా పరుపు కింద దోపేదట. "మా ఆయనకి షుగరు, పైగా తేలతారు" అని చుట్టాలతో మామూలుగానే చెప్పేది. మేనేజరుకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఆయన ఏదీ తన చేత్తో రాయడు. ఒకళ్ళ చేత రాయిస్తాడు. అందుకే మెత్తటి చెప్పులతో హాయిగా తిరుగుతాడు.

ఇలా ఉండగా ఒక సోమవారం మేనేజరు తుడుపక్కని గదిలోకి పిలిచాడు.

కారణం అంతకు ముందు వారం జరిగిన సంగతి. ఒక బండిలో ముందు సీటు కింద తివాచీ ఎప్పుడూ తడిగా ఉండేది. మెకానిక్‌లు మూడుసార్లు విప్పి, ఏవేవో మార్చామని రాసి, మూడుసార్లూ బస్తాలు వేయించారు. నాలుగోసారి వచ్చినప్పుడు తుడుపక్క ఆ తడి వేలితో తాకి చూసింది. చల్లగా, జిగట లేకుండా ఉంది. ఇంజన్ నీళ్ళు కావివి, ఏసీ నీళ్ళు. బండి కిందికి దూరి, ఏసీ నీళ్ళు బయటికి పోయే సన్న గొట్టం వెతికి, తీగ పెట్టి పొడిచింది. గొట్టంలోంచి నల్లటి నాచు ముద్ద ఒకటి జారి సరిగ్గా ఆవిడ మెడ మీద పడింది, వెనకే చెంబెడు కుళ్ళు నీళ్ళు. మెడ మూడుసార్లు సబ్బుతో రుద్దుకున్నా రెండ్రోజుల దాకా ఆ వాసన పోలేదు. తివాచీ మాత్రం మళ్ళీ తడవలేదు.

"కంపెనీ మన బ్రాంచికి ట్రైనింగులో ఒక సీటు ఇచ్చింది," అన్నాడు మేనేజరు. "ఆర్నెల్ల చదువు. బయటికొస్తే టెక్నీషియన్‌వి. పెద్ద మెకానిక్ నీకు ఒక బండి ఇచ్చి చూస్తాడు, పని వచ్చని ఆయన రాయాలి. శుక్రవారం మధ్యాహ్నం లోపల ఫారం వెళ్ళిపోవాలి."

"నన్ను ఆలోచించుకోనివ్వండి సార్."

"ఆలోచించుకో. కానీ ఒకటి చెప్తాను. వచ్చే నెల నుంచి తుడిచే పని బయటి కంపెనీకి ఇస్తున్నారు. వాళ్ళ మనుషులు, వాళ్ళ మిషన్లు."

అంటే టెక్నీషియన్ కావాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. నలభై ఏళ్ళు దగ్గర పడుతున్న ఆడదానికి, అరిగిపోయిన మోకాళ్ళతో, మూడో దారి లేదు.

ఆవిడకి బండ్లంటే ప్రేమేమీ లేదు. విప్పి చూడటం ఇష్టం. ఏ వస్తువు మొరాయించినా దాని లోపల ఏదో ఒక చిన్న కారణం ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకుంటే ఆ పూటంతా మనసు తేలిగ్గా ఉంటుంది. కానీ ఆ సంతకాలు, ఆ బూట్లు, కస్టమరు ముందు ఆ తియ్యటి మాటలు తలుచుకుంటే, సీటు బెల్టు మూతిలో ఎండిన వాంతి కూడా శుభ్రంగానే తోచేది.

ఇంట్లో ఆవిడా, అత్తా, ఇద్దరే. భర్త పోయి ఏడేళ్ళయింది. అత్త ఒకప్పుడు ఆస్పత్రిలో ఆయా. ముప్పై ఏళ్ళు రోగుల మలమూత్రాలు ఎత్తిపోసిన మనిషి. ఇప్పుడు చూపు మసకేసింది. అంతకంటే ముందే జ్ఞాపకం మసకేసింది. కొడుకు పోయిన సంగతి ఒకరోజు గుర్తుంటుంది, ఒకరోజు ఉండదు. తిన్నావా అని మూడుసార్లు అడుగుతుంది. కానీ సాయంత్రం ఆరింటికి మెట్ల మీద కోడలి అడుగుల చప్పుడు వినగానే, తలుపు పక్క కుర్చీలోంచే "వచ్చావా?" అంటుంది. ఎడమ కాలు కాస్త ఈడుస్తూ, ప్రతి మెట్టు మీదా బరువంతా మోపి ఎక్కే ఆ అడుగుని మాత్రం ఆ తల మరిచిపోలేదు.

సోమవారం సాయంత్రం తుడుపక్క సంగతంతా చెప్పింది.

"అసహ్యంగా ఉంది అత్తయ్యా. ఆ మనుషుల్లో కలవాలంటే ఒళ్ళు జలదరిస్తోంది."

"అసహ్యం లేని పని ఎక్కడుందే? నేను ఎత్తినవి నువ్వు చూళ్ళేదు."

"అది వేరు. మీరు ఎత్తిపోశారు. వీళ్ళు కప్పిపెడతారు."

"అయితే నువ్వెళ్ళి ఎత్తిపొయ్యి," అంది అత్త. వెంటనే, "ఇంతకీ తిన్నావా?" అని అడిగింది.

గురువారం పొద్దున పెద్ద మెకానిక్ మూడో లిఫ్టు దగ్గరికి పిలిచాడు. ఒక చిన్న నీలం బండి. కార్డులో మూడు పనులు: ఇంజన్ ఆయిల్ మార్చడం, టైర్లలో గాలి చూడటం, ఏసీ ఫిల్టరు మార్చడం.

"ఇదిగో, ఇది నీ బండి. కానియ్," అన్నాడు, స్తంభం పట్టుకుని నిలబడి.

తుడుపక్క ఆయిల్ తనే దించింది. నల్లటి నూనె సన్నటి ధారగా డబ్బాలో పడుతుంటే వేళ్ళ మధ్య రాసి చూసింది, ఇనుప రజను ఏమన్నా తగులుతుందేమోనని. లేదు. బోల్టు వాషరు తుడిచి బిగించింది. కొత్త నూనె కొలిచి పోసింది. గాలి నాలుగు టైర్లకీ చూసింది. చెయ్యి ఎక్కడా తడబడలేదు. పెద్ద మెకానిక్ ఏమీ అనలేదు, ఆయన ఏమీ అనకపోవడమే గొప్ప.

ఆ తర్వాత ముందు సీట్లోకి వంగి, డ్యాష్‌బోర్డు అర ఊడదీయబోయింది. ఏసీ ఫిల్టరు దాని వెనకాలే ఉంటుంది.

"అది వదిలెయ్."

"కార్డులో రాశారు కదన్నా."

"రాశాం కదా. రాస్తే అయిపోయినట్టే." కొత్త ఫిల్టరు పెట్టె తీసి తన బల్ల సొరుగులో వేసుకున్నాడు. "అల్మారాలోంచి మనది పట్టుకురా."

'మనది' అంటే ఏమిటో తుడుపక్కకి తెలుసు. ప్లాస్టిక్ సంచిలో ఏడేళ్ళుగా భద్రంగా ఉన్న ఒక పాత ఫిల్టరు. ఎవరి బండిదో ఇప్పుడెవరికీ తెలియదు. బూడిద రంగు బొచ్చు, కుళ్ళిన ఆకులు, పురుగుల రెక్కలు, ఎవరిదో వెంట్రుకల ఉండ. కొన్ని వేలమందికి 'ఇదిగో, మీ బండిలోంచి తీశాం' అని చూపించింది అదే. షెడ్డులో ఉన్న దుమ్మంతా దులిపే తుడుపక్కకి, దాన్ని మాత్రం దులపొద్దని అది అల్మారాలోకి వచ్చిన రోజే చెప్పారు.

నాలుగింటికి బండి గలావిడ వచ్చింది. చిన్న వయసు, చంకలో రెండేళ్ళ పాప. పాప ఉండుండి దగ్గుతోంది. పెద్ద మెకానిక్ మోచేత్తో పొడిచాడు. "చూపించు. నీ బండి, నువ్వే చెప్పాలి."

తుడుపక్క సంచి విప్పింది. "ఇది... తీసినది, అమ్మా."

పాప తల్లి ఒక్క అడుగు వెనక్కి వేసి, అరచేత్తో పాప మూతి కప్పేసింది. "ఛీ! ఛీ! ఇదా మేం పీలుస్తున్నది? రెండు నెలల్నించి బండెక్కితే చాలు పాపకి దగ్గే దగ్గు. తిరగని డాక్టరు లేడు. ఎవరూ చెప్పలేదు అక్కా." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు చూసి తీశారు. మీ చేతులకి దణ్ణం పెట్టాలి."

"మా వాళ్ళు అన్నీ చూస్తారు మేడం," అన్నాడు పెద్ద మెకానిక్ వినయంగా. బండి రేపు పదింటికి తీసుకెళ్తానని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా పాప దగ్గు వినిపిస్తూనే ఉంది.

"ఇక్కడ సంతకం," అన్నాడు ఆయన.

శుక్రవారం మధ్యాహ్నం, బయటి కంపెనీ మిషన్లు, అత్త మందులు, అన్నీ ఒక్కసారే తుడుపక్క కళ్ళ ముందు తిరిగాయి. ఒక్క ఫిల్టరు. అందరూ పెట్టే సంతకమే. పెట్టేసింది.

లిఫ్టు చేతులు దిగాయి. బండి దిగలేదు. దాంతోపాటు తుడుపక్క మడమలు కూడా నేల మీంచి ఒక వేలెత్తు లేచాయి.

హాయిగా ఉంది. అదే ఆవిడ ఊహించనిది. నడుము పట్టు వదిలింది. మోకాళ్ళు ఉన్న సంగతే గుర్తురాలేదు. ఆరు బస్తాలు దూది బస్తాల్లా ఎత్తి బండిలో వేసింది. నేలకి ఇంకా బెత్తెడు ఎత్తున ఉంది బండి, తెల్లారేసరికి అదే కుదురుకుంటుందిలే అన్నారు.

"బావుంది కదూ?" పెద్ద మెకానిక్ మొదటిసారి నవ్వాడు. "మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుంది. బూట్ల సైజు చెప్పు, తెప్పిస్తాను."

ఇంటికి నడిచి వెళ్తుంటే దారి సగానికి సగం తగ్గినట్టుంది. మూడంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కేసింది. తాళం చెవి తిప్పి తలుపు తీసింది.

కుర్చీలో అత్త ఉలిక్కిపడింది. "ఎవరమ్మా?"

"నేనే అత్తయ్యా."

"ఎవరు నువ్వు? మా కోడలు ఇంకా రాలేదు." కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. తర్వాత మర్యాద గుర్తొచ్చి, "కూర్చో తల్లీ, వచ్చేస్తుంది. ఆరింటికల్లా వస్తుంది," అంది.

"అత్తయ్యా, ఇటు చూడండి, నేనే."

"నాకు కళ్ళు సరిగ్గా కనపడవమ్మా. అది వస్తే మెట్ల మీదే తెలుస్తుంది. మోకాళ్ళు పాడు చేసుకుంది, కాలు ఈడుస్తుంది పాపం." అత్త గొంతు తగ్గించింది, పరాయివాళ్ళకి ఇంటి సంగతి చెప్పేటప్పుడు తగ్గించినట్టు. "దాని ముందు అనను గానీ, దాని చెయ్యి మంచిది. ఏది ముట్టుకున్నా ఎక్కడ పాడైందో తెలుస్తుంది దానికి. ఈ కుర్చీ కాలు కూడా అదే బాగుచేసింది. ఎవరో పెద్ద పని నేర్పుతామన్నారట. వెళ్ళమన్నాను. ఎందుకో అసహ్యం అంటుంది."

తుడుపక్క కాలు ఎత్తి నేల మీద గట్టిగా కొట్టింది. చప్పుడు రాలేదు. నీళ్ళ బకెట్టు రెండు చేతులా ఎత్తుకుని గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. నీళ్ళు తొణికిన చప్పుడు వచ్చింది, అడుగుల చప్పుడు రాలేదు. కంచం తెచ్చి ముందు పెడితే అత్త చేత్తో పక్కకి జరిపింది.

"నువ్వు తినమ్మా. మా కోడలు వచ్చాక తింటాను."

ఎంత బతిమాలినా ముద్ద నోట పెట్టలేదు. తలుపు వైపు చెవి పెట్టి, వినీ వినీ, కుర్చీలోనే కునికింది. తుడుపక్క ఎదురుగా కూర్చుంది. తన అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. సబ్బు వాసనే. అయినా వాటిని దూరంగా, ఒళ్ళో కాకుండా, గచ్చు మీద పెట్టుకుంది.

శుక్రవారం ఏడింటికే వాచ్‌మన్ చేత గేటు తీయించింది. నీలం బండి బెత్తెడు ఎత్తున అలాగే ఉంది. ముందు సీట్లో కూర్చుని డ్యాష్‌బోర్డు అర ఊడదీసి, వెనకాల మూత తీసి, అసలు ఫిల్టరు పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. ఏదో చినిగిన చప్పుడై, చేతిలోకి వచ్చేసింది.

ముందు వాసన వచ్చింది. పదకొండేళ్ళలో అటువంటి వాసన ఆవిడ ఎరగదు. ఫిల్టరు మీద ఎలుక గూడు. సీటులోంచి పీకిన దూది, చింపిన కాగితాలు, పసిపిల్ల మేజోడు ఒకటి. ఆ మేజోడులో ఐదు ఎలుక పిల్లలు. రెండు ఎండి తొక్కల్లా అయిపోయాయి, మూడు ఇంకా ఎండలేదు. వాటి కింద పసుపుపచ్చగా ఏదో కారి, ఫిల్టరు మడతల్లో ఇంకి, బొట్లు బొట్లుగా గాలి వచ్చే దారిలోకి దిగుతోంది. ఏసీ వేసినప్పుడల్లా గాలి దీని మీదుగానే ఆ పాప ముఖానికి తగిలింది.

ఏడేళ్ళ నాటి ఆ షెడ్డు ఫిల్టరు దీని ముందు ఉతికి మడతపెట్టిన రుమాలు.

తుడుపక్క బకెట్టు దగ్గరికి లాక్కుని కక్కింది. ఎందరి వాంతులో కడిగిన బకెట్టు అది, తనది పడటం అదే మొదటిసారి. నోరు కడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, మళ్ళీ కూర్చుంది. గూడుని ఫిల్టరుతో సహా ఒక ట్రేలో పెట్టింది. గాలి దారంతా బ్రష్షుతో తోమింది, మందు నీళ్ళతో మూడుసార్లు తుడిచింది, పొడి గుడ్డతో ఆరబెట్టింది. పెద్ద మెకానిక్ బల్ల సొరుగు తీసి కొత్త ఫిల్టరు పెట్టె తెచ్చి, బాణం గుర్తు సరిచూసుకుని అమర్చింది. మూత టక్కుమంది.

బండి ఒక్కసారిగా కిందికి కూలబడింది. ఆరు బస్తాల బరువు కూడా ఉందేమో, టైర్లు అణిగి, స్ప్రింగులు మూలిగాయి. సరిగ్గా అప్పుడే ఎవరో రెండు మోకాళ్ళలోకి మేకులు దించినట్టయింది. తుడుపక్క "అమ్మా" అని తలుపు పట్టుకుంది. నొప్పి నిజంగానే వచ్చిందో లేదోనని ఇంకో అడుగు వేసి చూసుకుంది. వచ్చింది.

తొమ్మిదింటికి పెద్ద మెకానిక్ బరువుగా అడుగులేస్తూ వచ్చాడు. నేల మీద బండి చూశాడు, ట్రే చూశాడు, ముక్కు మూసుకున్నాడు.

"ఏంటిది?"

"అసలుది."

"మరి ఇంకేం? మురికి ఫిల్టరు తీశామన్నాం, మురికిగానే ఉంది. మనం చెప్పింది నిజమేగా!"

"మీరు చూళ్ళేదన్నా. ఏడేళ్ళ నుంచి ఎవరి బండీ విప్పి చూళ్ళేదు. ఎన్నిట్లో ఇలాంటివి ఉన్నాయో మీకేం తెలుసు?"

"సరే, సరే. దాన్ని పారేసెయ్, ఆవిడ వచ్చే వేళయింది. ఇలా సాగదీస్తే పని నడవదు. అయినా నువ్వు చదువుకని వెళ్తే రేపణ్ణించి బస్తాలెవరు మోస్తారో అదీ చూడాలి."

"మీరే మోసుకోండి. మీక్కూడా కాస్త బరువుంటుంది."

దూరంగా స్పానర్లు సర్దుకుంటున్న మెకానిక్‌లిద్దరూ కిసుక్కున నవ్వి, ఆయన తిరిగి చూసేసరికి తలలు దించుకున్నారు.

పదింటికి పాప తల్లి వచ్చింది. తుడుపక్క ట్రే తీసుకుని ఎదురు వెళ్ళింది. "అమ్మా, నిన్న నేను చూపించింది మీ బండిది కాదు. ఎప్పటిదో పాతది, అందరికీ అదే చూపిస్తాం. నిన్న మీ బండి విప్పనే లేదు. విప్పకుండానే సంతకం పెట్టాను. ఇవాళ పొద్దున విప్పాను. ఇదీ మీది."

ఆ తల్లి చూసింది. మేజోడు గుర్తుపట్టింది. రెండు చేతులా నోరు మూసుకుని గోడ దగ్గరికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది.

"నిన్న మీ చేతులకి దణ్ణం పెడతానన్నాను నేను."

"అవునమ్మా. అందుకే చెప్తున్నాను."

ఆవిడ తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. పది నిమిషాలు ఆవిడ గొంతు షెడ్డంతా వినిపించింది. 'ఛీ' అన్న మాట ఎన్నిసార్లు వినపడిందో లెక్కలేదు. బయటికొచ్చి, బండెక్కి, ఏసీ వేసి, కాసేపు ముందుకి వంగి వాసన చూసింది. అప్పుడు పాపని ఎక్కించుకుంది. తుడుపక్క వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. గేటు దాటేటప్పుడు ఆవిడ భుజాలు మాత్రం నిటారుగానే ఉన్నాయి.

మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. బల్ల మీద ఫారం ఉంది, గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

"నోరు కట్టుకోవడం రాదా నీకు?" అన్నాడు తుడుపక్కతో. తర్వాత ఫారం పెద్ద మెకానిక్ వైపు తోశాడు. "ఇందులో 'అభ్యర్థికి పని వచ్చునా?' అని ఉంది. మీరేం రాస్తారో రాయండి. నాకు సంబంధం లేదు."

పెద్ద మెకానిక్ కలం తీసుకున్నాడు. తుడుపక్క ముఖంలోకి ఒకసారి, కసిగా, చూశాడు. 'రా' అని రాశాడు. 'దు' అనే అక్షరం మొదలుపెట్టేసరికి కుర్చీతో సహా జానెడు పైకి లేచాడు. బూట్లు గాల్లో వేలాడాయి. గబగబా బల్ల పట్టుకున్నాడు, బల్ల కూడా ఒక పక్కకి వాలింది.

"అన్ని బస్తాలూ వాడకంలో ఉన్నాయేమో," అన్నాడు మేనేజరు కంగారుగా.

పెద్ద మెకానిక్ తలెత్తి పైకప్పు వైపు చూశాడు. పాతికేళ్ళుగా ఆయన లెక్క వేసుకుంటూనే ఉన్నాడు, ఇంకెన్ని రాస్తే ఆ బూట్లు కూడా ఆగవోనని. గొణుక్కుంటూ రాసింది కొట్టేసి, పక్కన 'వచ్చు' అని రాశాడు. కుర్చీ నేలకి తగిలింది. నుదుటి చెమట తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

"ఇంకొక్క గడి ఉంది," అన్నాడు మేనేజరు. "'ఈ వృత్తిని ఎందుకు ఎంచుకుంటున్నారు?' చిన్నప్పట్నించీ బండ్లంటే ప్రాణం అని రాయి. అందరూ అదే రాస్తారు."

తుడుపక్క కలం పట్టుకుంది. ఒత్తి ఒత్తి రెండే మాటలు రాసింది. మేనేజరు తల వంచి చదివాడు.

'అసహ్యం వేసి.'

"ఇదేం సమాధానం? ఇలా రాస్తే సీటు ఇస్తారా ఎవరైనా?"

"ఉన్నది అదే సార్."

"ఆర్నెల్లయ్యాక మళ్ళీ ఇక్కడికే రావాలి, గుర్తుందా? ఈ మనుషుల మధ్యకే."

"వస్తాను."

"వచ్చి ఏం చేస్తావు?"

"విప్పి చూస్తాను."

మేనేజరుకి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. లేచి ఫ్యాను గట్టిగా వేశాడు. బల్ల మీదున్న జాబ్ కార్డులన్నీ ఒక్కసారి లేచి, గది నిండా ఎగిరి, కొన్ని కిటికీలోంచి బయటికి కూడా పోయాయి. ఫారం మీద ఏ బరువూ పెట్టలేదు. అంచు కూడా కదలకుండా పెట్టినచోటే ఉంది.